మాట మధ్య విమానం

మా ఇంట్లో ఏ మాటా ఒక్క గుక్కలో పూర్తయ్యేది కాదు.
కీటో నగరం నడిబొడ్డున
రన్‌వే దక్షిణపు కొసన, కంచెకు మూడో ఇల్లు మాది.
అమ్మ "ఉప్పు" అనేది.
పైకప్పును ఒరుసుకుంటూ వెండి పొట్ట ఒకటి పోయేది.
గ్లాసుల్లో నీళ్ళు సుళ్ళు తిరిగేవి,
కుట్టుమిషను సూది తనంతట తానే ఒక కుట్టు వేసేది.
"తక్కువైంది" అనేది అమ్మ
ఇరవై క్షణాల తర్వాత, ఏమీ జరగనట్టు.

పేటంతా అంతే.
పాదిరీ ఆమెన్‌కు ముందు ఆగేవాడు.
పంతులమ్మ ఏడారుల దగ్గర ఎక్కం ఆపి
నల్లబల్లకు చెయ్యి ఆనించి నిలబడేది.
కొత్తగా దిగిన అద్దెవాళ్ళే అరిచి మాట్లాడేవాళ్ళు.
మేం నవ్వుకునేవాళ్ళం,
ఆకాశంతో గొంతు పందెం వేసుకుంటారా ఎవరైనా అని.

నాన్న సెగుండో గ్వాచమిన్
రన్‌వే దీపాల మనిషి.
పిచించా కొండ మంచులో మాయమైన తెల్లవారుజాముల్లో
మోకాళ్ళ మీద కూర్చుని
పిల్లల ముక్కులు తుడిచినట్టు
ఒక్కో దీపం అద్దం తుడిచేవాడు.
ఏ దీపం ఎప్పుడు అలుగుతుందో ఆయనకు తెలుసు.
అమ్మ ఎప్పుడు అలుగుతుందో మాత్రం తెలియదు.

పోట్లాడుకునేవాళ్ళు.
జీతం గురించి, బాబాయికిచ్చిన అప్పు గురించి,
తొంభై ఎనిమిదిలో నాన్న బస్సులో వదిలేసొచ్చిన గొడుగు గురించి.
అమ్మ వేలు ఎత్తి "నువ్వసలు" అనేది.
బొగోటా నుంచి వచ్చే సాయంత్రం విమానం
సరిగ్గా అక్కడ దిగేది.
ఇద్దరూ ఎదురెదురుగా, నోళ్ళు తెరుచుకుని,
ఫోటోలో మనుషుల్లా.
మోత వెళ్ళిపోయాక
వేలు ఎందుకెత్తిందో మరిచిపోయి
ఆ వేలితోనే జుట్టు సర్దుకునేది అమ్మ.

రెండువేల పదమూడు, ఫిబ్రవరిలో ఒక రాత్రి.
మేడల మీద జనం. దుప్పట్లు, దాల్చినచెక్క వాసనేసే వేడి గ్లాసులు,
చంకల్లో నిద్రపోతున్న పిల్లలు.
చివరి విమానం లేచింది. చేతిరుమాళ్ళు ఊగాయి.
పక్కింటి రోసాల్వా మాత్రం
నా గోడ పగుళ్ళకు లెక్క ఎవడు చెప్తాడని తిట్టింది.
తిట్టి, ముక్కు చీదింది.
నాన్న మేడెక్కలేదు. ఆర్పే వంతు ఆయనది.
దీపాలు వరసగా పోతాయనుకున్నాం.
ఒక్కసారే పోయాయి.
అంత పెద్ద చీకటి మా ఊరి నడుమ ఉందని
అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మర్నాడు అమ్మ "ఉప్పు తక్కువైంది" అంది, ఒకే గుక్కలో.
మేం చెంచాలు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

కొత్త విమానాశ్రయం లోయకు అవతల.
రెండు బస్సులు మారి నాన్న ఇల్లు చేరేసరికి పొయ్యి చల్లారేది.
పోట్లాటకు అడ్డుపడేవాళ్ళు లేరు.
మొదలుపెట్టిన మాట కొసదాకా పోయేది,
కొసన ఏముందో అప్పుడు తెలిసింది మాకు.
"నువ్వసలు నన్నెప్పుడైనా చూశావా?"
పదిహేనేళ్ళుగా ఏదో ఒక విమానం
మింగుతూ వచ్చిన మాట.
ఆ తర్వాత పదకొండు నెలలు నాన్న బాబాయి ఇంట్లో పడుకున్నాడు.
ఎలా తిరిగొచ్చాడో నాకు సరిగ్గా గుర్తులేదు.
ఒకరోజు ఆయన బూట్లు గుమ్మం ముందున్నాయి, అంతే.

ఇప్పుడది పార్కు.
తారు మీద సైకిళ్ళు నేర్చుకుంటున్నారు పిల్లలు.
వెలిసిపోయిన ముప్ఫై ఐదు అంకె మీద నిలబడి
ఇది ఎవరింటి నంబరని అడిగింది నా కూతురు.
నంబరు కాదే పిచ్చిదానా, దిక్కు, అన్నాడు తాత.

ఆదివారాలు వాళ్ళిద్దరూ నడుస్తారు.
నాన్న అక్కడక్కడ ఆగి బూటు కొసతో నేల తడతాడు.
ఇక్కడొకటుండేది. వానొస్తే చాలు, అలిగేది.
అమ్మ "నువ్వసలు" అంటుంది.
అని ఆగుతుంది, పాత అలవాటు.
పైన ఒక గాలిపటం తప్ప ఏమీ లేదు.
నాన్నా ఆగాడు,
ఆమె మొహంలోకి చూస్తూ.

ఐస్‌క్రీం బండి వెళ్ళిపోతోందని
నా కూతురు చెయ్యి గుంజుతోంది.
ఉండవే, అన్నాను.
ఇంకా దిగలేదు.